జెనోవాలో రెండు మంచాల గది

అది 2023 వేసవి. రియాద్‌లో బతా అనే బజారు పేటలో, ఒక ట్రావెల్ ఆఫీసులో నేను వీసా డెస్క్ చూసేవాణ్ణి. ఇప్పటికీ అదే చూస్తున్నాను. కింద మొబైల్ షాపులు, ఎదురుగా ఊళ్ళకు డబ్బు పంపే ఎక్స్‌ఛేంజీలు, పై అంతస్తులో మేము నలుగురం. మాది రాయచోటి. మావాడు రియాద్‌లో షేకులకు యూరప్ చూపిస్తాడని మా వీధిలో గొప్పగా చెప్పుకుంటారు. యూరప్ మొహం నేనింతవరకు చూడలేదు. నేను చేసేదల్లా కాగితాలు పుట్టించడం.

మా పనిలో ‘వీసా బుకింగ్’ అనే మాట ఒకటుంది. యూరప్ వీసా కావాలంటే అక్కడ గడిపే ప్రతి రాత్రికీ ఏ హోటల్లో ఉంటారో చూపించాలి. వీసా వస్తుందో రాదో తెలియకుండా అసలు హోటల్ ఎవరూ తీసుకోరు కదా. అందుకని మేము ఒక చవక హోటల్ వెతుకుతాం. దానికి ‘ఫ్రీ క్యాన్సలేషన్’ ఉండాలి, అంటే ఫలానా తేదీలోపు వద్దంటే ఏమీ కట్టనక్కర్లేనిది. అందరి పేర్లూ ఎక్కించి, ప్రింటు తీసి ఫైల్లో పెడతాం. పాస్‌పోర్టులో వీసా అంటించి రాగానే దాన్ని రద్దు చేస్తాం. పార్టీకి, అంటే కస్టమరుకి, ఈ సంగతి తెలుసు. వీసా ఇచ్చేవాళ్ళకూ తెలుసనే నా అనుమానం. ఇటలీ సముద్రతీరంలో నేను గది బుక్ చేయని ఊరు లేదు. వాటిల్లో ఒక్కదాంట్లోనూ నేను పంపిన మనిషి ఒక్కరాత్రి పడుకున్న పాపాన పోలేదు.

ఆ ఏడాది మే నెలలో మదామ్ నూరా ఫైలు నా బల్ల మీదకు వచ్చింది. ఆమె ఒక ఆడపిల్లల బడికి ప్రిన్సిపాల్. ఆ బడి టీచర్లందరి సెలవు ప్రయాణాలూ మా ఆఫీసు నుంచే వెళ్ళేవి కాబట్టి ఆమె ఫోన్ వస్తే మా మేనేజరు కుర్చీలోంచి లేచి మాట్లాడేవాడు. ఇంట్లోవాళ్ళు ఆరుగురు, పనావిడతో ఏడుగురు. “రోమ్ నేను చూసుకున్నాను. తర్వాతి వారానికి సముద్రం ఉన్న ఊరు ఏదో ఒకటి నువ్వే పెట్టు. వీసా వచ్చాక ఆలోచిద్దాం” అని అరబ్బీలో చెప్పి పెట్టేసింది.

వేలిముద్రలు ఇవ్వడానికి మాత్రం ప్రతి మనిషీ వీసా సెంటరుకు స్వయంగా రావాలి. మదామ్ వాళ్ళు ఉదయమే వచ్చి వెళ్ళిపోయారు. పనావిడను పదకొండింటికి డ్రైవరు దింపి వెళ్ళాడు. వేరే పార్టీ ఫైలుతో నేనూ అక్కడే ఉన్నాను. వరసలో నా వెనకే నిలబడి, నేను ఇంటికి ఫోన్లో మాట్లాడుతుంటే విని, ఫోన్ పెట్టగానే భుజం తట్టినంత పని చేసింది.

“తెలుగువారేనండీ మీరు?”

“అవునక్కా. రాయచోటి. మీది యా ఊరు?”

“రాజోలు దగ్గరండి. మేరీ రత్నం నా పేరు. అయిదేళ్ళయ్యిందండి ఈ అమ్మగారి దగ్గర, అంతకుముందు ఇంకో ఇంట్లోనండి. మంచోరేనండి.” అంటూనే గొంతు తగ్గించింది. “బాబుగారూ, ఇటలీ అంటే ఎంతుంటాదండి? పెద్దదా?”

ఆమె చెల్లెలు ఇటలీలో ఉంది. పదిహేడేళ్ళకే కన్యస్త్రీల మఠంలో చేరితే వాళ్ళు అక్కడికి పంపారు. జెనోవా అనే రేవు పట్నానికి మూడు గంటల ప్రయాణంలో, కొండల్లో, ఒక వృద్ధాశ్రమంలో ముసలివాళ్ళకు సేవ చేస్తోంది. మఠంవాళ్ళు ఆమెను అయిదేళ్ళకోసారి ఇంటికి పంపుతారు. మేరీ రత్నానికి రెండేళ్ళకోసారి సెలవు.

“అదొచ్చినప్పుడు నేనిక్కడండి. నేనెల్లినప్పుడు అదక్కడ. పద్నాలుగేళ్ళయ్యిందండి ఎదురుబొదురు సూసుకుని. ఫోన్లో సూత్తాంలెండి. ఫోన్లో సూత్తే సూసినట్టేనేటండి?”

నాకు ఒళ్ళు పొంగింది. మదామ్ ఫైలు ఇంకా నా బల్ల మీదే ఉంది, దాంట్లో ఏడు రాత్రులు ఖాళీగా ఉన్నాయి. ఆఫీసుకు వెళ్ళగానే జెనోవా స్టేషనుకు దగ్గరలో ఒక చిన్న హోటల్ వెతికాను. నాలుగంతస్తులు, పాత భవనం, లిఫ్టు అప్పుడప్పుడు పనిచేయదని రాసినవాళ్ళు ఉన్నారు, పొద్దున రొట్టె, కాఫీ ఇస్తారు. మూడు గదులు, ఏడు పేర్లు. ప్రింటు ఇంకో కాపీ తీసి, అడ్రసు కింద తేదీలు తెలుగులో రాసి, డ్రైవరు చేతికిచ్చి పంపాను. సాయంత్రం ఆమె డ్రైవరు ఫోన్ నుంచే మాట్లాడింది.

“నిజవేనాండీ?”

“జెనోవాలోనే పెట్టినానక్కా. మీ చెల్లెల్ని ఆడికే రమ్మనండి.”

అది వీసా బుకింగ్ అని ఆమెకు చెప్పలేదు. చెప్పడం మర్చిపోయానని చాలాకాలం నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. మర్చిపోలేదు. ఎవరో ఒకరికి మేలు చేసినవాడిగా ఒక్క పూట ఉందామనిపించింది. మదామ్‌కి ఆ ఊరు నచ్చి అలాగే ఉంచేస్తుందేమోనని ఓ పిచ్చి ఆశ కూడా ఉంది. ఇన్నేళ్ళ అనుభవంలో అలా ఉంచేసినవాళ్ళను ఒక్కరిని కూడా నేను చూడలేదు.

వీసాలు వచ్చాయి. మర్నాడే మదామ్ నూరా ఫోన్ చేసింది. నేపుల్స్ దాటాక సముద్రం ఒడ్డున ఇల్లు అద్దెకు తీసుకున్నామని, నా హోటల్ ఇక తీసేయమని చెప్పింది. అప్పుడు ఒక్క మాట చాలు. మదామ్, మీ మేరీ చెల్లెలు జెనోవా దగ్గరే ఉంది అంటే చాలు. నీకెలా తెలుసని అడుగుతుంది, పనివాళ్ళ కోసం నా ప్రయాణం నువ్వు మారుస్తావా అంటుంది, మేనేజరు చెవిన పడుతుంది అని భయపడ్డాను. నా ఇకామా, అంటే ఇక్కడ ఉండనిచ్చే కార్డు, మేనేజరు చేతిలో ఉంటుంది. “సరే మదామ్” అన్నాను.

గురువారం మేము రద్దుల పని పెట్టుకుంటాం. ఆ రోజు ఇరవైకి పైగా ఉన్నాయి. జెనోవా వచ్చినప్పుడు ఏడో పేరు, మేరీ రత్నం పేరు, చూశాను. చూడలేదని ఎవరికైనా చెప్పగలను గానీ నాకు నేను చెప్పుకోలేను. భోజనం అయ్యాక డ్రైవరుకు ఫోన్ చేసి చెబుదామనుకుని క్యాన్సిల్ నొక్కేశాను. భోజనం మధ్యలో వీసా సెంటరు నుంచి రెండు పాస్‌పోర్టులు తారుమారయ్యాయని కబురొచ్చింది. ఆ గొడవ తేలేసరికి శనివారమయింది. ఆ తర్వాత ఆ సంగతే గుర్తులేదు. నా బుద్ధి ఎలాంటిదో తెలియడానికి అంతకంటే పెద్ద పరీక్ష అక్కర్లేదు.

ఆగస్టులో ఒక శుక్రవారం, ఊరికి డబ్బు పంపడానికి బతా వచ్చి, మేరీ రత్నం మా మెట్లెక్కింది. మనిషి చిక్కిపోయింది. కూర్చోమంటే కూర్చోలేదు.

జరిగింది ఆమె నోటే విన్నాను. రోమ్ నుంచి కారులో చాలాసేపు వెళ్ళి ఒక ఇంట్లో దిగారు. కిటికీలోంచి సముద్రం కనిపించింది. అదే జెనోవా అనుకుంది. హోటల్ కాకుండా ఇల్లెందుకు తీసుకున్నారో తెలియలేదు, కానీ హోటల్ ఆ చుట్టుపక్కలే ఉంటుందనుకుంది. ఆమె సిమ్ అక్కడ పనిచేయలేదు. పిల్లల్ని ఐస్‌క్రీముకు తీసుకెళ్ళినప్పుడల్లా, కూరగాయలకు వెళ్ళినప్పుడల్లా, నేనిచ్చిన కాగితం పట్టుకుని బోర్డులు చూసుకుంటూ నడిచింది.

“అచ్చరాలు పోల్సుకుంటా పోయేదాన్నండి. మూడ్రోజులు తిరిగేను. ఆకరికి పళ్ళ కొట్టాయనకి కాయితం సూపిత్తే తల అడ్డంగా ఊపి, ఫోన్లో పటం తీసి సూపించేడండి. మేవున్నదెక్కడో కింద. జెనోవా పైనెక్కడో. రైల్లో ఆరేడు గంటలంట.”

నాలుగో రోజున మదామ్ పెద్ద కూతురు ఆ ఇంటి వైఫై ఫోనుకు కలిపి ఇచ్చింది. మెసేజీలన్నీ ఒక్కసారిగా వచ్చి పడ్డాయి. నాకు చూపించింది. అక్కా, వచ్చేశాను. అక్కా, నీ పేరు వీళ్ళ దగ్గర ఉందట గానీ క్యాన్సిల్ అని చూపిస్తోందట. అక్కా, మీరు దారిలో ఉన్నారా? మదర్ గారిని అడిగి రెండు రాత్రులకు గది తీసుకున్నాను, ఇక్కడే ఉంటాను. ఏమైంది అక్కా, ఒంట్లో బాగానే ఉందా?

మెసేజీల మధ్యలో ఒక ఫోటో. చిన్న గది, ఎదురుగా గోడ కనబడే కిటికీ, రెండు మంచాలు. మదామ్‌ని బతిమాలి అక్క ఒక రాత్రయినా తన దగ్గర పడుకుంటుందని, ఆ కన్యస్త్రీ కావాలని రెండు మంచాల గది అడిగి తీసుకుంది. రెండు రోజులూ కింద రిసెప్షన్‌లో కుర్చీ వేసుకుని తలుపు వైపు చూస్తూ కూర్చుందట. పొద్దున కాఫీ కూడా అక్కడికే తెచ్చుకుని తాగిందట. మూడో రోజు బస్సెక్కి కొండల్లోకి వెళ్ళిపోయింది.

“మదర్ గారు మాటిమాటికీ అలా పంపరండి. ఉన్న ఒక్కసారీ అయిపోయింది.” మేరీ రత్నం నా మొహంలోకి చూసింది. “ఓటలు ఎవరు తీసేసేరండి?”

ఈ ప్రశ్నకు జవాబు నా నోట్లోనే ఉంది. ఫైళ్ళలో దాదాపు రోజూ రాసే మాటే వచ్చింది.

“పార్టీ వాళ్ళే క్యాన్సిల్ చేయమన్నారక్కా.”

“అమ్మగారేనా?”

“అవును.”

అబద్ధమని ఎవరూ అనలేరు. ఆమె కళ్ళు తుడుచుకుంది. తర్వాత ఎప్పుడైనా అటువైపు ప్రయాణం పడితే చెప్పమని తన నంబరు నా ఫోన్లో ఎక్కించింది. “మీరు పాపం మంచి సేద్దావనే సూసేరు” అని చెప్పి మెట్లు దిగింది. నేను లేచి రెండు మెట్లు దిగి, వెనక్కి వచ్చి కూర్చున్నాను.

అక్టోబరులో మదామ్ నూరా స్వయంగా ఆఫీసుకు వచ్చింది. పనావిడకు టికెట్ కావాలట. మళ్ళీ తిరిగి రాకుండా వెళ్ళిపోయే ఫైనల్ ఎగ్జిట్. మేనేజరు లేచి టీ తెప్పించాడు. ఆమె కప్పు ముట్టుకోలేదు.

“రెండు నెలలుగా నా మొహం చూడటం లేదు. మా అమ్మతో కలిసి తినే మనిషి, వంటింట్లో ఒక్కతే తింటోంది. జీతం పెంచుతానన్నాను, వద్దంది. పిల్లలు ఏమైనా అన్నారా అంటే కాదంది. ఆమెకొచ్చిన అరబ్బీ వంటింటి మాటల వరకే. నీది ఆమె దేశమే, ఆమె భాషే కదా. నేనేం తప్పు చేశానో అడుగు.” ఫోన్ కలిపి, స్పీకరు పెట్టి, నా ముందు పెట్టింది.

అడిగాను.

“మీరాండీ బాబుగారూ? మంచిదయ్యింది. సెప్పండి ఆవిడకి. పద్నాలుగేళ్ళకి సెల్లెల్ని సూసుకునే రోజొత్తే, ఆ ఓటలు తీయించేసి, నన్ను ఇంకో ఊళ్ళో గరిటిచ్చి నిలబెట్టేరు. ఆ ఇంటి అన్నం నా గొంతు దిగట్లేదండి. ఒక్క ముక్క తగ్గించకుండా సెప్పండి.”

మదామ్ నా వైపు చూస్తోంది. మేనేజరు కూడా చూస్తున్నాడు.

“ఏమంటోంది?”

“ఇంటి మీద బెంగ పెట్టుకుందట మదామ్” అన్నాను అరబ్బీలో, మేరీ రత్నానికి అందనంత వేగంగా.

ఆమె పెద్దగా ఊపిరి వదిలింది. “అంతేనా? ఆ ముక్క నాతో చెప్పకూడదా? ఎవరున్నారు ఆమెకు?”

“ఒక చెల్లెలు.”

“అయ్యో, అయితే వెళ్ళనీ. చెల్లెల్ని కళ్ళారా చూసుకుని, మనసు కుదుటపడ్డాక రావాలనిపిస్తే నా తలుపు తెరిచే ఉంటుందని చెప్పు. నాతో అని ఉంటే ఎప్పుడో పంపేదాన్ని.”

ఫోన్లోంచి మేరీ రత్నం అడిగింది. “సెప్పేరా బాబూ?”

“చెప్పినానక్కా.”

“ఏవంది?”

“ఏమనలేదు.”

ఇద్దరికీ మధ్య ఉన్నది నేనొక్కణ్ణే, ఇద్దరి మాటలూ పూర్తిగా అర్థమయ్యేది నాకొక్కడికే. ఒకరి కోపం రెండోవారికి చేరనివ్వలేదు, రెండోవారి మంచితనం మొదటివారికి చేరనివ్వలేదు. చేరితే ఆ ఏడో పేరు తీసేసిన వేలు ఎవరిదో, అంతకుముందు ఆమె చేతికి ఆ కాగితం ఎవరిచ్చారో బయటపడుతుంది. టికెట్ నేనే తీశాను. రియాద్ నుంచి హైదరాబాద్, ఒకవైపు.

ఈ కేసు నాకు నేర్పిన పని ఒకటి ఉంది. వేలిముద్రల వరసలో నిలబడే డ్రైవర్లకు, పనావిడలకు ఇప్పుడు నేనే వెళ్ళి, వాళ్ళకు అర్థమయ్యే భాషలో చెబుతాను. ఈ హోటల్ కాగితం కోసమే, మీరు అక్కడ దిగరు, ఈ పేరు చెప్పి ఎవర్నీ రమ్మనకండి అంటాను. డెస్కులో కొత్తగా చేరినవాళ్ళకూ ఇదే నేర్పుతున్నాను. మంచి పద్ధతి అని మేనేజరు మెచ్చుకున్నాడు. అది ఎక్కడ నేర్చుకున్నావని ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

మేరీ రత్నం ఇప్పుడు రాజోలు వైపే ఉంది. చెల్లెలు ఇంటికి వచ్చే వంతు ఇంకా రాలేదు. ప్రతి రంజాన్‌కీ, అది మా ఇంటి పండగని గుర్తుపెట్టుకుని, నాకు ఒక వాయిస్ మెసేజ్ పంపుతుంది. “పండగ బాగా సేసుకోండి బాబుగారూ. ఆ రోజు నా మాట ఆవిడ మొకాన సెప్పేరు సూడండి, నా కోసం అలాగ ఎవరు సెప్తారండి? మీ మేలు మర్సిపోను” అంటుంది. పూర్తిగా విని, దండం పెట్టే బొమ్మ ఒకటి పంపించి, ఫోన్ బల్ల మీద బోర్లా పెడతాను.