రేటు తగ్గేదాకా ఆగిన ఏడాది పాస్

మా ఆయన ప్లాట్లు అమ్మిపెడతాడు. శంషాబాద్ నుంచి కొత్తూరు దాకా రోడ్డుకు అటూ ఇటూ ఎక్కడ ఎన్ని గజాలు ఖాళీగా ఉన్నాయో, వాటి ధర నిన్న ఎంతో, ఇవాళ ఎంతో ఆయనకు కంఠతా వచ్చు. కన్నబిడ్డ ఏ క్లాసు చదువుతోందని అడిగితే మాత్రం కాస్త ఆలోచించుకుని చెబుతాడు. ఇలా రాశానని తెలిస్తే నా మీద ఎగురుతాడు. కానీ ఆయన చదివేవి రిజిస్ట్రేషన్ కాగితాలు మాత్రమే కాబట్టి నాకు ఆ భయం లేదు.

ప్లాట్ల వ్యాపారానికి ఆదివారమే పండగ. నగరంలో ఉద్యోగాలు చేసుకునేవాళ్లు పెళ్లాంబిడ్డలను కార్లలో ఎక్కించుకుని స్థలాలు చూడడానికి వచ్చేది ఆ రోజే. అందుకని అందరి ఇళ్లలో మగవాళ్లు లుంగీలతో పేపరు చదివే వేళకు మా ఆయన ఇస్త్రీ చొక్కా తొడుక్కుని బండి తీసేవాడు. ఎండలో ఎవరి పిల్లలకో ఐస్‌క్రీములు కొనిపెట్టి, ఎర్రమట్టి చూపించి, "ఇగో సార్, గీడ పార్కు వస్తది, గీడ పిల్లలకు ఊయల వస్తది" అని చెప్పి, పొద్దుగూకాక ఇల్లు చేరేవాడు.

మా అమ్మాయికి అప్పుడు పదేళ్లు. ఆరు రోజులు దానికి బడి, ట్యూషను. ఏడో రోజు తండ్రి ఇంట్లో ఉండడు. దాని బాధల్లా అదొక్కటే. అయితే అది కూర్చుని ఏడ్చే రకం కాదు, ఉపాయం వెతికే రకం. ఆ గుణం ఎవరి నుంచి వచ్చిందో నా నోటితో నేను చెప్పుకుంటే బాగుండదు.

ఔటర్ రింగురోడ్డు పక్కన, మా ఇంటికి అరగంట దూరంలో పెద్ద వినోదాల పార్కు ఒకటి ఉంది. నీళ్లలోకి జారే జారుడుబల్లలు, మనుషుల్ని తలకిందులు చేసి తిప్పే రైళ్లు, అన్నీ ఉంటాయి. మా అమ్మాయి బడి తరపున ఒకసారి వెళ్లి చూసొచ్చింది. అక్కడ ఏడాది పాస్ అని ఒకటి ఉందని, ఒకసారి డబ్బు కడితే ఏడాదంతా ఎన్నిసార్లయినా పోవచ్చని తెలుసుకుని వచ్చి, అన్నాల దగ్గర తండ్రి ముందు పెట్టింది.

"బాపూ, మన ముగ్గురికి ఏడాది పాస్ తీస్కుందామా? ప్రతి ఐతారం పోవచ్చు."

"ఒక్కరోజు టికెట్ తీస్కుంటె అయిపాయె గద బిడ్డా. ఏడాదికెందుకు?"

"ఒక్కరోజుదైతె నువ్వు ఒక్కరోజే వస్తవ్. ఏడాదికి పైసలు కడితె ఏడాదంత వస్తవ్. పైసలు కట్టినంక నువ్వు దేన్నీ ఇడ్సిపెట్టవ్ గద."

నాకు పొలమారినంత పనైంది. హోటల్లో కొన్న నీళ్ల సీసాలో రెండు గుక్కలు మిగిలినా చంకన పెట్టుకుని ఇంటికి తెచ్చే మనిషిని పదేళ్ల పిల్ల ఎంత బాగా చదివిందో చూడండి. ఆయన కూడా నవ్వి, "సరే, రేటెంతున్నదో చూద్దాం తియ్" అన్నాడు. తెలియనివాళ్లు అది ఒప్పుకోవడం అనుకుంటారు. పన్నెండేళ్లు కాపురం చేసినదాన్ని కనుక నేను అలా అనుకోలేదు.

వాళ్ల ఇంట్లో ఇది వంశపారంపర్యం. విమానాశ్రయం రాకముందు మా మామ రెండెకరాల మెట్ట చెలక అమ్మేశాడు. వచ్చిన డబ్బుతో సంబరంగా బోరు వేయించాడు. ఆ తర్వాత నాలుగేళ్లకు అదే చెలక పలికిన ధర విని మంచం పట్టాడని మా అత్త ఇప్పటికీ చెబుతుంది. అప్పటినుంచి వాళ్లకు తొందర అంటే జబ్బుతో సమానం. టమాటాలు కొనాలన్నా రేపటికి అగ్గువ అవుతాయేమోనని ఒకరోజు ఆగుతారు. అలా ఎన్ని పూటలు మా ఇంట్లో వట్టి చింతపండు చారుతో గడిచాయో నాకు తెలుసు.

నేను ఫోన్‌లో ఆ పార్కు పేజీ తెరిచి చూస్తే, పాస్ మీద తగ్గింపు ఉంది. ఈ ఆదివారం దాకే ఈ ధర అని ఎర్ర అక్షరాల్లో రాసి ఉంది. ఆయనకు చూపించాను. ఆయన చదివి, పక్కింటికి వినిపించేటట్టు నవ్వాడు.

"గీ మాట నేను రోజుకు పదిసార్లు చెప్త. 'సార్, ఐతారం దాటితె గజానికి వెయ్యి పెరుగుతది, మీ ఇష్టం' అంట. యాడ పెరుగుతది? సోమారం గదే రేటు, మంగళారం గదే రేటు. నాకే చెప్తున్నరా?"

కమ్మరి వీధిలో సూదులు అమ్మవచ్చిందట పాపం ఆ పార్కు. సోమవారం పొద్దున చూస్తే ధర నిజంగానే పెరిగింది. ఆయన చాలాసేపు ఫోన్‌ను తిప్పి తిప్పి చూశాడు. ఒక వ్యాపారి చెప్పిన మాట నిజం కావడం ఆయన అనుభవంలో లేదు. "నాటకం. మళ్ల దిగుతది చూడు" అని ఫోన్ నా చేతిలో పెట్టి వెళ్లిపోయాడు.

దసరాకు నిజంగానే దిగింది. కానీ మొదటిసారి చూసిన ధరకన్నా ఇంకా కాస్త పైనే ఉంది. మొదట అంతకు వదిలేసినదాన్ని ఇప్పుడు ఇంతకు కొంటే తన తెలివికే మచ్చ అని ఆయన కొనలేదు. దీపావళి దాటాక మళ్లీ తగ్గింపు వచ్చింది. ఈసారి ఆయన మెత్తబడ్డాడు కూడా. అంతలో మా అత్త, మూఢం నడుస్తోంది, కొత్తది ఏదీ కొనకూడదు అని అడ్డం పడింది. జారుడుబల్లకు కూడా లగ్నం చూస్తారా అత్తా అన్నాను.

"నీళ్లల్ల దుంకేటిది గదనే. ఏమన్నయితె ఎవలు జిమ్మేదారి? జర మంచి రోజు చూస్కొనే దుంకాలె" అంది ఆమె.

ఈ మధ్యలో ఇంకో చిక్కు తెలిసింది. ఆ పార్కులో పిల్లల ధర వయసును బట్టి కాదు, ఎత్తును బట్టి. వాళ్లు పెట్టిన హద్దు దాటితే పిల్ల కూడా పెద్దల లెక్కే. మా అమ్మాయిని తలుపు చట్రానికి ఆనించి పెన్సిలుతో గీత గీస్తే, ఆ హద్దుకు రెండు వేళ్లు తక్కువ తేలింది. ఆయన సంతోషించి, "మూఢం పొయ్యేదాక జర పెరగకు బిడ్డా" అన్నాడు. నా వైపు తిరిగి, రోజూ పాలు తాగించడం అవసరమా అన్నట్టు గ్లాసు కేసి చూశాడు.

తగ్గింపేమో పది రోజుల్లో పోతుంది, మూఢమేమో ఇంకా నెలపైన ఉంది. అప్పుడు మా ఆయనకు ఒక మహా ఆలోచన వచ్చింది. బడికి సెలవున్న ఒక బుధవారం మమ్మల్నిద్దరినీ తయారు కమ్మన్నాడు. పార్కుకు అనగానే పిల్ల జడలు కూడా సరిగా వేయించుకోకుండా బండెక్కింది.

మా వైపు భూముల బేరంలో ధర కుదిరాక అమ్మేవాడి చేతిలో కొంత బయానా పెడతారు. అది అందుకున్నాక మర్నాడు రేటు రెండింతలైనా అతను మాట మార్చడానికి లేదు. మారిస్తే ఊళ్లో తల ఎత్తుకోలేడు. కాగితాలూ మిగతా పైకమూ తీరిగ్గా తర్వాత. మా ఆయన టికెట్ల కిటికీ దగ్గరకు వెళ్లి, మడతపెట్టిన ఐదువందల నోటు లోపలికి తోశాడు.

"చెల్లె, ఇది బయానా. ఏడాది పాసులు మూడు. మూఢం పోయినంక వచ్చి మొత్తం కడత. గీ రేటు నాకు పట్టి పెట్టు."

లోపలున్న అమ్మాయిది కోస్తా వైపు అనుకుంటాను. ఎంతో మర్యాదగా, "అలా కుదరదండీ. ఇప్పుడు మొత్తం కడితేనే ఈ ధర వర్తిస్తుందండీ" అంది.

"కొననంటలేను చెల్లె. మాటంటె మాటనే. శంషాబాద్‌ల ఎవర్నన్న అడుగు నా గురించి."

"మా చేతుల్లో ఏమీ లేదండీ, ధరలన్నీ కంప్యూటర్లో ఉంటాయండీ."

"కంప్యూటర్‌కైన ఓనర్ ఉంటడు గద. ఆయనకు జర ఫోన్ కొట్టు, నేను మాట్లాడత."

వెనక వరుసలో జనం గొణుగుతున్నారు. నేను అవతలికి తిరిగి, ఆ మనిషెవరో నాకు తెలియదన్నట్టు నిలబడ్డాను. గోడ అవతల రైలు పైనుంచి కిందికి దూకినప్పుడల్లా పిల్లలంతా ఒక్కసారి కేక పెడుతున్నారు. మా అమ్మాయి నా కొంగు పట్టుకుని, మెల్లగా, "అమ్మా, బాపు నిజంగ కొంటడా?" అంది.

అంతవరకు కడుపులో కుక్కుకున్న నవ్వు నాకు ఎటు పోయిందో తెలియదు. అది అప్పటిదాకా ఒక్కసారి కూడా అలా అడగలేదు. ఆ రోజు ఆయన మీద నాకు వచ్చింది ఉత్తుత్తి కోపం కాదు. ఆయనేమో దారి పొడుగునా, "బయానా తీసుకోని దుకాణం ఏం దుకాణమే" అని వాళ్లనే తప్పు పట్టాడు. లోపలికి పోకుండానే ఇల్లు చేరాం.

ఆ తర్వాత పిల్ల పాస్ మాట ఎత్తలేదు. మూఢం పోయింది. ఈయన ఈసారి సంక్రాంతి తగ్గింపు అన్నాడు, తర్వాత పరీక్షల కాలంలో గిరాకీ ఉండదు కాబట్టి అప్పుడు పడిపోతుంది అన్నాడు. పిల్లకు ఫోన్‌లో ధర చూపిస్తే, "నీ ఇష్టం బాపూ" అని పుస్తకం తెరుచుకునేది. అడిగినన్నాళ్లు విసుక్కున్నాడు కానీ, అడగడం మానేశాక ఆయనకూ అన్నం సయించినట్టు లేదు.

మార్చి చివర వేసవి ధరలు వచ్చాయి. ఏడాది మొత్తంలో అంత పిరం ఎప్పుడూ లేదు. అదే వారంలో బడి యూనిఫాం పొట్టిదైందని కొలతకు పిల్లను తలుపు చట్రం దగ్గర నిలబెట్టాను. తల పెన్సిలు గీత దాటి, పార్కు వాళ్ల హద్దు కూడా దాటి పైన ఉంది. మా ఆయన చెప్పులు విడుస్తూ చూసి, దగ్గరికి వచ్చి, పాత గీత మీద వేలు పెట్టాడు.

"గింత ఎప్పుడు పెరిగిందే?" అన్నాడు.

"ఐతారాలప్పుడు పెరిగింది" అన్నాను.

నా నోరు అలాంటిది. అన్నాక, అనకుండా ఉండాల్సింది అనిపించింది. ఆయన చొక్కా అయినా మార్చుకోకుండా మంచం మీద కూర్చుని ఫోన్ తీశాడు. కాసేపటికి నా ఫోన్ మోగితే చూశాను. మూడు ఏడాది పాసులు. మూడూ పెద్దల ధరకే, వేసవి ధరకే. పంచాంగం చూడలేదు, తల్లిని అడగలేదు, నాతో ఒక మాట అనలేదు. ఒంట్లో బాగుందా అని నుదురు పట్టి చూశాను. చెయ్యి తోసేసి, "పిల్లను పిలువ్" అన్నాడు.

మొదటి ఆదివారం పార్కు గేటు దగ్గర వరుసలో ఉండగా ఆయన ఫోన్ మోగింది. కాటేదాన్‌లో చిన్న ఫ్యాక్టరీ నడుపుకునే ఆసామి. నాలుగు నెలలుగా మా ఆయన అతనికి ఒక పెద్ద స్థలం బిట్టు చూపిస్తున్నాడు. నాకు ఆ సంగతి తెలుసు కనుక, ఇక ఈయన వెనక్కి తిరిగినట్టే అనుకున్నాను.

"పనిల ఉన్నన్నా, మళ్ల చేస్త" అన్నాడు ఆయన.

"అబద్ధమెందుకు బాపూ? ఏం పనిల ఉన్నవ్?" అంది పిల్ల.

ఆయన దాని ముఖంలోకి చూశాడు. ఆ ఆసామి ఇంకా ఫోన్ లైనులోనే ఉన్నట్టున్నాడు. "పని కాదన్నా. బిడ్డతోని ఉన్న. రేపొద్దుగాల వస్త" అని చెప్పి, లోపలికి పోయాక ఫోన్‌ను చెప్పులతోపాటు లాకరులో పెట్టి తాళం వేశాడు. ఆ పూట అంతా ఇద్దరూ నీళ్లలోనే. జారుడుబల్ల మీద అందరికన్నా గట్టిగా కేకపెట్టింది మా ఆయనే. గట్టు మీద కూర్చున్న ఒకామె, ఎవరమ్మా ఆయన అని నన్నడిగితే, ఈసారి మా ఆయనే అని ఒప్పుకున్నాను.

మర్నాడు ఆయన మధ్యాహ్నానికే ఇల్లు చేరి, చెయ్యి కడుక్కుని పీట మీద కూర్చున్నాడు. పిల్ల బడిలో ఉంది. కంచం పెడుతుంటే, ఆ ఆసామి నిన్న సాయంత్రమే ఇంకొకరి చేత స్థలం చూపించుకుని అక్కడే బేరం ముగించుకున్నాడని చెప్పాడు. ఆ ఒక్క బేరంలో వచ్చే కమిషన్‌తో మా ఊళ్లో సగం మందికి ఏడాది పాసులు వచ్చేవి. ఎగతాళికి ఏదో ఒక మాట ఎప్పుడూ నా నాలిక మీద సిద్ధంగా ఉంటుంది. ఆ పూట మాత్రం కూర ఇంకొంచెం వేశాను.

ఆయన సగం తిని, తల ఎత్తకుండానే, "బిడ్డకు చెప్పకు" అన్నాడు. "ఎర్కైతె వచ్చే ఐతారం అదే నన్ను పనికి తోలుతది."