ఊరియాకు చెప్పని మాట

అమెరికాలో, కాపెల్ ఊళ్లోని మా తెలుగు క్రైస్తవ సంఘంలో పిల్లలకు బైబిల్ రాజుల కథలు చెప్పే పని పదకొండేళ్లుగా సూర్యప్రకాశరావుగారిదే. యాభై దాటిన మనిషి. వారమంతా ప్లేనోలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో మేనేజరు. ఆదివారం మాత్రం పిల్లల ముందు దావీదులా వడిసెల తిప్పి చూపించేవారు.

పోయిన మార్చిలో ఆయన చేతిమీదుగా ఒక పొరపాటు జరిగింది. బ్యాకప్ తీసుకోకుండా సిస్టమ్ మార్చడంతో కస్టమర్ల రికార్డులు పోయాయి. ఆ సంగతి తెలిసింది టీమ్‌లో రఘువీర్ ఒక్కడికే.

"సార్, మనమే ముందుగాల చెప్పేద్దాం. నేను గూడ మీతోని వస్త" అన్నాడతను.

ఆయన రేపు, ఎల్లుండి అని నాన్చారు. ఆ వారంలోనే టీమ్‌లో ఒకరిని తీసేయాలని పైనుంచి కబురొచ్చింది. ఆయన రఘువీర్ పేరు రాశారు. రికార్డులు పోయింది అతని అజాగ్రత్త వల్లేనని కూడా రాశారు.

రఘువీర్‌ది హెచ్-వన్ వీసా. అరవై రోజుల్లో ఇంకో ఉద్యోగం దొరకాలి, లేకపోతే దేశం విడిచిపోవాలి. పైవాళ్లెవరో తనమీదకు నెట్టారనుకున్నాడు పాపం. మర్నాడు రెజ్యూమె పట్టుకుని ఈయన ఇంటికే వచ్చాడు. "మీరే జర చూసి పెట్టాలె సార్. ఈడ నాకు ఇంకెవరున్నరు?" అన్నాడు. ఈయన భార్య జయంతిగారు కాఫీ ఇచ్చారు. ఈయన ఆ కాగితాల్లో కామాలు దిద్దారు.

అరవై రోజులూ గడిచిపోయాయి. రఘువీర్ ఎడిసన్‌లో ఎమ్మెస్ చదువుతున్న భార్య నమ్రత దగ్గరికి వెళ్లిపోయాడు. ఆమె వీసా మీద ఉండొచ్చు కానీ, పని చేయకూడదు.

సెప్టెంబరులో పాఠం దావీదు పాపం దగ్గరికి వచ్చింది. రాజు తన తప్పు దాచుకోవడానికి ఊరియా అనే నమ్మకస్తుడైన సైనికుణ్ణి చంపించాడు. యుద్ధంలో అతణ్ణి ముందువరసలో నిలబెట్టమని రాసిన ఉత్తరాన్ని అతని చేతికే ఇచ్చి పంపాడు. ప్రవక్త నిలదీస్తే ఏడ్చి ఒప్పుకున్నాడు, దేవుడు క్షమించాడు. అక్కడికి ముగించబోతుంటే తొమ్మిదేళ్ల నైనిక చెయ్యెత్తింది.

"అంకుల్, కింగ్ గాడ్‌కి సారీ చెప్పాడు, ఓకే. బట్ ఊరియాకి ఎవరు చెప్పారు?"

"ఊరియా చనిపోయాడు కదమ్మా."

"దెన్ ఇట్స్ టూ లేట్. నాట్ ఫెయిర్, అంకుల్."

ఆయన పుస్తకం మూసేశారు. పిల్లల్ని అలాగే వదిలి పార్కింగ్‌లోకి వెళ్లి, కార్లో స్టీరింగ్‌కు నుదురానించి వెక్కివెక్కి ఏడ్చారు. వెతుక్కుంటూ వచ్చిన జయంతిగారికి అక్కడే అంతా చెప్పేశారు.

ఆమె మొహం పాలిపోయింది. "ఇప్పుడు చెప్తే మీ జాబ్ పోతుందండీ. మనబ్బాయి ఈషాన్ కాలేజీ మధ్యలో ఉన్నాడు. దేవుడికి చెప్పుకున్నారుగా, చాలదా?"

"అతను బతికే ఉన్నాడు జయంతీ" అన్నారాయన.

ఫోన్ చేస్తే చెప్పలేనని భయపడి శుక్రవారం ఎడిసన్‌కు విమానమెక్కారు. ఓక్ ట్రీ రోడ్డుకు దగ్గర్లో చిన్న అపార్ట్‌మెంటు. రఘువీర్ తలుపు తీసి, "సార్! మీరా! రండ్రి" అని సంబరపడ్డాడు. ఆ సంబరం చూశాక ఆయనకు కుర్చీలో కూర్చోబుద్ధి కాలేదు. నిలబడే చెప్పారు.

ముందు నమ్రతే అడిగింది: "ఆరు నెలల నుంచి చెయ్యని తప్పు తన మీదికి ఎందుకొచ్చిందో అని రోజూ నన్ను అడుగుతున్నడు. ఏం చెప్పమంటరు?"

"నన్ను క్షమించు రఘూ."

"క్షమిస్తే మీరు మంచిగ నిద్రపోతరు సార్. నా పేరు మీద ఉన్న మచ్చ పోతదా? మీరు రాసిందాన్ని మీరే కొట్టేయండి. తర్వాత చూద్దాం."

ఆయన అక్కడే వంటింటి బల్ల మీద ల్యాప్‌టాప్ తెరిచారు. జరిగిందంతా కంపెనీకి రాసి, తన పేరు పెట్టి పంపారు. రఘువీర్ చదివాడు. కాఫీ ఇవ్వలేదు, కింది దాకా రాలేదు.

బుధవారానికి ఆయన ఉద్యోగం పోయింది. రఘువీర్ తప్పేమీ లేదని కంపెనీ ఒక ఉత్తరం ఇచ్చింది కానీ, వెనక్కి తీసుకోలేదు. వేరే కంపెనీ ఏదో మళ్లీ వీసాకు ఫైల్ చేస్తామందట. ఇంకా చేయలేదు. గ్రీన్‌కార్డు ఉంది కనుక ఆయన ఇక్కడే ఉండగలిగారు. ఇప్పుడొక గోడౌన్‌లో పెట్టెలు సర్దుతున్నారు. జయంతిగారు మాట్లాడటం తగ్గించేశారు.

జరిగిందంతా సంఘం ముందు ఆయనే లేచి చెప్పి, పిల్లల క్లాసు వదులుకున్నారు. ప్రతి నెలా ఎడిసన్‌కు ఒక మెసేజ్ పెడతారు. జవాబు రాదు. అయినా పెడతారు.