మా గుర్రం నోరు తెరిపించిన రోజు

డెబ్బైల చివర్లో నేను కొత్తపేటకు కోడలిగా వెళ్ళేసరికి మావయ్యగారికి జట్కా ఉంది. బస్సు దిగి పలివెల గుడికి వెళ్ళేవాళ్ళు ఆ జట్కా ఎక్కేవారు. మా ఆయనకి లాంచీ మీద పని, వారానికోసారి వచ్చేవారు. ఇంట్లో పెత్తనమంతా జట్కాకి కట్టే ఆడగుర్రానిది. మావయ్యగారు నన్ను "అన్నం తిన్నావా అమ్మాయ్" అని ఎప్పుడో తీరికైనప్పుడు అడిగేవారు గానీ, గుర్రాన్ని పూటపూటా అడిగేవారు. నాకు లోలోపల మంటగా ఉండేది. దానికున్న యోగం కోడలికి లేకపోయిందే అని గొణుక్కునేదాన్ని.

ఆ వానాకాలంలో గుర్రం చిక్కిపోవడం మొదలైంది. గడ్డి నోట్లో పెట్టుకుంటుంది, కాసేపు నములుతుంది, తల పక్కకి వంచి ఉండలుగా కింద పడేస్తుంది. అత్తయ్యగారు ఎర్రనీళ్ళతో దిష్టి తీశారు. మావయ్యగారు ఉలవలు మరింత మెత్తగా ఉడికించి పెట్టారు. పక్కటెముకలు బయటపడ్డాక బండి కట్టడమే మానేశారు. గుర్రాల బేరగాడొకడు మా వీధిలో తచ్చాడటం మొదలుపెట్టాడు. ఆ గుర్రం చేజారితే మావయ్యగారు మళ్ళీ మనిషి కాలేరని ఇంట్లో అందరికీ తెలుసు. పైకి ఎవరూ అనేవాళ్ళం కాదు.

దొడ్డి ఊడ్చేది నేనే. లద్దెలో ఉలవలు గింజలకి గింజలే కనబడ్డాయి. అంటే నమలకుండా మింగుతోంది.

"మావయ్యగారూ, దీనికి ఆకలి ఉందండి. నోట్లోనే ఏదో బాధ. ఒక్కసారి తెరిచి చూడండి" అన్నాను.

కన్నతల్లిని అమ్మేయమన్నట్టు చూశారు నన్ను. జట్కావాళ్ళలో ఒక పట్టింపు ఉండేది. గుర్రం నోరు తెరవడం కొనేటప్పుడూ అమ్మేటప్పుడే. పళ్ళు చూసే వయసు చెబుతారు కదా. మిగతా రోజుల్లో తెరిస్తే గుర్రం చేయి మారిపోతుందని నమ్మకం. అందుకే కాళ్ళూ కడుపూ తోకా అన్నీ తడిమి చూసిన మనుషులు నోటి జోలికి మాత్రం పోలేదు.

"పళ్ళు చూస్తే వయసు తెలిసిపోద్దమ్మా. తెలిసేక నేనేం చేసుకుంటాను?" అన్నారు.

అప్పుడు అర్థమైంది. ఆయన భయమంతా పట్టింపు గురించి కాదు, అది ముసలిదైపోయిందేమోనని. జాలి వేసింది. దాని వెనకే కోపమూ వచ్చింది.

"తెలుసుకోకపోతే చిన్నదైపోతుందా అండి? ఆకలితో చచ్చిపోతుంది" అనేశాను. అత్తయ్యగారు వంటింట్లోంచి తొంగిచూసి, చూడనట్టు లోపలికి వెళ్ళిపోయారు.

మర్నాడు పొద్దున్న మావయ్యగారే వెళ్ళి పశువుల డాక్టరుగారిని పిలుచుకొచ్చారు. వీధివాళ్ళ కంటబడితే అమ్మకానికి పెట్టామనుకుంటారని పెరట్లో కొబ్బరిచెట్లకి తాడు కట్టి నా చీరలూ దుప్పట్లూ తెరగా వేశాం. పక్కింటావిడ గోడ మీంచి "గుర్రం ఈనుతోందేటండి?" అని అడిగింది.

"ఆయ్, కవలలండి" అన్నాను.

డాక్టరుగారు గుర్రం నాలుకను పక్కకి లాగి పట్టుకుని చెయ్యి లోపలికి పోనిచ్చారు. మావయ్యగారు దాని తల పట్టుకున్నారు, కళ్ళు గట్టిగా మూసుకుని. "వయసు మాత్రం చెప్పకండి బాబూ" అన్నారు.

డాక్టరుగారు నవ్వలేదు. "చెప్పనండి" అన్నారు. "దీని దవడపళ్ళు అంచులు తేలిపోయేయండి. బుగ్గ లోపలంతా కోసుకుపోయింది. గుర్రం పళ్ళు కింది నుంచి వస్తూనే ఉంటాయి, నమిలేకొద్దీ అరుగుతాయి. అరగని చోట ఇలా మొనలు తేలతాయి."

పొడుగాటి పిడి ఉన్న ఆకురాయి తీసి, పైపళ్ళ బయటి అంచులూ కిందిపళ్ళ లోపలి అంచులూ అరగదీశారు. ఆ చప్పుడుకి నా పళ్ళు జివ్వుమన్నాయి. గుర్రం గింజుకున్నప్పుడల్లా మావయ్యగారు దాని చెవిలో ఏదో చెబుతూనే ఉన్నారు.

బుగ్గ మానేదాకా తౌడు జావలా కలిపి పెట్టమన్నారు డాక్టరుగారు. అప్పటికప్పుడు కలిపి తెచ్చాను. వాసన చూసింది, మూతి పెట్టింది. తల పక్కకి వంచలేదు. తొట్టి అడుగు నాకుతుంటే నాకు ఏడుపొచ్చింది. ఇన్నాళ్ళూ దాని మీద పడ్డ కుళ్ళంతా ఏమైపోయిందో.

డాక్టరుగారు చేతులు కడుక్కుంటూ, "ఇది ఒక్కసారితో అయ్యే పని కాదండి. ఏటేటా చేయించాలి" అన్నారు.

"ఏటేటానా అండి?" అన్నారు మావయ్యగారు.

"ఆయ్."

"అంటే వచ్చే ఏడు కూడా ఇది ఉంటదన్నమాటేనా అండి?"

డాక్టరుగారు గుర్రం వైపు ఓసారి చూశారు. "శుభ్రంగా తింటుంటే ఎందుకుండదండి?"

మావయ్యగారు కండువాతో మొహం తుడుచుకున్నారు. ఆ తుడవడం చాలాసేపు పట్టింది.

"అయితే వచ్చే ఏడు ఏ నెల్లో వస్తారో ఇప్పుడే చెప్పేయండి బాబూ" అన్నారు. "ఆ నెల్లో ఇంకే పనీ పెట్టుకోను."