మీటరు పెట్టె మీద పసుపు నీళ్లు

ఎన్నో ఏళ్లుగా ఒక మాట నా గొంతులో ఇరుక్కుని ఉంది. మింగలేకపోయాను, కక్కలేకపోయాను. మా ఆయనకు చెప్పలేదు. దేవుడికి కూడా సరిగ్గా చెప్పలేదు. దణ్ణం పెట్టుకుంటున్నప్పుడు ఆ సంగతి దగ్గరికి రాగానే చటుక్కున కళ్లు తెరిచేసేదాన్ని. మీరెవరో నాకు తెలియదు. తెలియదు గనకే మీకు చెబుతున్నాను. ఏ పాపమూ ఎరగని మనిషి నోటి దగ్గర కూడు లాగేశాను నేను.

అవి యుద్ధం రోజులు. బెజవాడలో కాలవ గట్టుకు దగ్గర్లో మా ఇల్లు. మా ఆయనకు మంగళగిరి చీరల టోకు వ్యాపారం. ఖద్దరు కట్టేవారు, సభలకు వెళ్లేవారు, అంటరానితనం పోవాలని వేదికెక్కి మాట్లాడేవారు. ఇంట్లో మడి, మైల, ఆ పట్టింపులన్నీ నావి. ఆయన కంట పడకుండా నా దారిన నేను సాగించుకునేదాన్ని. ఒకసారి పట్టుబడ్డాను. బయట తను చెప్పేదొకటి, ఇంట్లో పెళ్లాం చేసేదొకటి అని తెలిస్తే జనం మొహాన ఉమ్మేస్తారని కేకలేశారు. ఇంకెప్పుడూ చెయ్యనని ఆయన నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టు వేశాను.

ఆ తర్వాతే మా ఇంటికి కరెంటు వచ్చింది. మీటరును సావిట్లో, సరిగ్గా పూజగది గోడకు బిగించి, చుట్టూ చిన్న చెక్కపెట్టె పెట్టారు. తీగ అటువైపు నుంచే వస్తుందట, ఇంకెక్కడా కుదరదట. ఏమో, ఆ మాటే నేను నమ్మలేదు. ఆ మీటరును అసలే నమ్మలేదు. లోపల ఒక చక్రం ఎవరూ తిప్పకుండా తిరుగుతూ ఉంటుంది. పట్టపగలు, దీపాలన్నీ ఆర్పేసి, ఇంకా తిరుగుతోందేమోనని వెళ్లి చూసేదాన్ని. కొలిచేదీ కంపెనీ వాళ్లే, డబ్బు పుచ్చుకునేదీ వాళ్లే! బట్టల కొట్టు వాళ్లింట పుట్టినదాన్ని, కొలిచేటప్పుడు గజం బద్ద ఎలా జరుగుతుందో నాకొకరు చెప్పాలా?

మీటరు చూడడానికి నెలనెలా ఒకతను వచ్చేవాడు. ఖాకీ చొక్కా, బక్కపలచని మనిషి. చెప్పులు వీధిలోనే విడిచి, "అమ్మగారూ, మీటరండీ" అని పిలిచేవాడు. మొదటి రోజే నేను, మీరేమిట్లు అని అడిగేశాను. "కంపెనీ మనిషినండీ" అన్నాడు, తల వంచుకుని. చెప్పుకోదగ్గ కులమైతే చెప్పకుండా ఎందుకుంటాడు? అక్కడికక్కడే తేల్చేసుకున్నాను. అతను వీధి మలుపు తిరిగేదాకా ఆగి, చెంబులో పసుపు నీళ్లు కలుపుకొచ్చి, పెట్టె తలుపు తీసి, అతని చెయ్యి తగిలిన చోటల్లా చల్లాను. ఒట్టు గుర్తుంది. అయినా చల్లాను. ఆ తర్వాత ప్రతి నెలా అదే పని.

దేనికి భయపడ్డాను నేను? మైలకా, మోసానికా? నిజం చెప్పమంటే, ఆ రెండూ నా బుర్రలో ఒకటైపోయాయి. వీడు ముట్టుకుని వెళ్లాకే చక్రం జోరుగా తిరుగుతోందని కూడా అనుకునేదాన్ని. తలచుకుంటే ఇప్పుడు నా మీద నాకే నవ్వొస్తుంది. ఆ నవ్వు ఎంతోసేపు ఉండదు.

ఒకసారి అతను పెన్సిలు మరిచిపోయి వెనక్కి వచ్చాడు. నా చేతిలో చెంబు, పెట్టె మీంచి కారుతున్న పచ్చటి నీళ్లు. చూశాడు. గూట్లో పెన్సిలు తీసుకుని వెళ్లిపోయాడు. మా ఆయన చెవిన వేస్తాడనుకున్నాను. వెయ్యకుండా ఉండడానికి ఏమడుగుతాడో అనుకున్నాను. ఏమీ అడగలేదు. పై నెల వచ్చినప్పుడు పెట్టెకు దూరంగా నిలబడి, "తలుపు మీరే తియ్యండమ్మా" అన్నాడు. తీశాను. అక్కడి నుంచే మెడ సాచి చూసి రాసుకున్నాడు. ఇక ఎప్పుడూ ఆ పెట్టెను ముట్టుకోలేదు. సిగ్గుతో చచ్చిపోవలసింది నేను. నాకేమనిపించిందో తెలుసా? అంత దూరం నుంచి అంకెలేం కనబడతాయి, నోటికొచ్చింది రాసుకుపోతున్నాడు దొంగ వెధవ, అనిపించింది. అతను వెళ్లగానే మళ్లీ నీళ్లు చల్లాను, చెయ్యి తగలకపోయినా సరే.

వానాకాలంలో ఒక సాయంత్రం పెట్టెలో టప్పుమని చప్పుడైంది. పొగ, కమురు వాసన. దీపాలన్నీ ఆరిపోయాయి. మర్నాడు కంపెనీ ఆఫీసరు వచ్చాడు, వెంట అతనూ వచ్చాడు. పెట్టె తెరిస్తే లోపలంతా చెమ్మ, మీటరు మూత కింద నించి పచ్చటి చారలు.

"నీళ్లు పోసి పాడుచేశారండీ దీన్ని," అన్నాడు ఆఫీసరు. "ఇది కేసవుతుంది."

మా ఆయన మొహం పాలిపోయింది. నావైపు తిరిగి, "ఏమే, నీకేమైనా తెలుసా?" అన్నారు.

ఆ క్షణాన నాకు కేసు కనబడలేదు. ఆయన నెత్తి మీద పెట్టిన నా చెయ్యి కనబడింది. రేపు బజార్లో నలుగురూ ఆయన్ను చూసి నవ్వడం కనబడింది.

"నాకేం తెలుసండీ," అన్నాను. "క్రితం నెల అతనే మూత విప్పి ఏదో కెలికాడు. కళ్లారా చూశాను."

"విప్పావా?" అన్నాడు ఆఫీసరు అతనితో.

"లేదండీ."

"అయితే ఈ చారలేమిటి?"

అతను నావైపు చూశాడు. కోపంగా కాదు. "తుప్పండీ," అన్నాడు.

తుప్పు పసుపుపచ్చగా ఉంటుందా? గడపలకు పసుపు రాసే ఊళ్లో ఆఫీసరుకు ఆ రంగు తెలియదా? తెలిసే ఉంటుంది. మా ఆయనకు తెలియదా? ఏమో, అది మటుకు నేను ఎప్పుడూ ఆలోచించదలచుకోలేదు. పెద్దింటి ఆడమనిషి కళ్లారా చూశానంటే ఇంకేం కావాలి? పై నెల మీటరు చూడడానికి కొత్తవాడు వచ్చాడు. పాతవాణ్ని తీసేశారట, మంచి పనైంది, అన్నారు మా ఆయన. మా ఆవిడ కళ్లు కప్పడం ఎవరి తరమూ కాదని కొట్టుకు వచ్చిన వాళ్లందరికీ చెప్పుకున్నారు. నేను లోపల వింటూ కూర్చున్నాను.

ఎందుకన్నాడు ఆ మాట? నిజం చెబితే ఉద్యోగం నిలిచేదేమో. కానీ నిజం చెప్పాలంటే, నేను తాకిన చోటును వీళ్లు కడుక్కుంటారండీ అని ఇంతమంది మొహం మీద తన నోటితో తనే అనాలి. అది అనలేకపోయాడా? అన్నా ఎవరూ నమ్మరనుకున్నాడా? లేక నా మీద జాలిపడ్డాడా? ఈ చివరిది తలచుకుంటే నాకు ఒళ్లు మండేది. వాడెవడు నా మీద జాలిపడడానికి అని! చూశారా, అంత చేసిన దాన్ని, అతని మంచితనం మీద కూడా అనుమానపడ్డాను. ఎప్పుడో ఒకరోజు వచ్చి అడుగుతాడని, అడిగితే ఏం చెప్పాలో కూడా సిద్ధం చేసుకున్నాను. రాలేదు. ఒకసారి ఉయ్యూరు వెళ్తుంటే, చక్కెర ఫ్యాక్టరీ ముందు చెరుకు మోపులు దించుతున్న ఒక మనిషి అచ్చం అతనిలాగే కనిపించాడు. పైట చెంగు మొహానికి అడ్డం పెట్టుకుని, బండి తొందరగా పోనివ్వమన్నాను. అతనో కాదో నాకిప్పటికీ తెలియదు. అతని పేరు కూడా తెలియదు.

మా ఆయన నిండు వయసులో, నిద్రలో పోయారు. ఒట్టు తప్పినందుకు ఆయనకేమీ కాలేదు. అయిందంతా ఆ ఒట్టుతో ఏ సంబంధమూ లేని మనిషికి.

నేను ఇంతసేపూ "అతను" అంటూ వచ్చాను. లోపల ఇంకా "వాడు" అనే వస్తోంది, తోసేస్తున్నాను. ఇకనుంచి ఆయన అనే అంటాను. ఆయన మూత విప్పలేదు. ఆయన దేన్నీ పాడుచెయ్యలేదు. నీళ్లు చల్లింది నేను, కళ్లారా చూశానని అబద్ధమాడింది నేను. ఆ రోజు సావిట్లో ఈ నాలుగు ముక్కలు అనడానికి ఎంతసేపు పట్టేది? ఇప్పుడు పట్టినంతసేపే కదా.

అనేశాను. గుండె కొంచెం తేలికపడింది. దీనివల్ల ఆయనకు ఒరిగిందేమీ లేదని నాకు తెలుసు. అయినా నాకు మటుకు తేలికగానే ఉంది. అది కూడా దాచను.