బేకరీ అద్దాల పెట్టెలో ఆఫ్రికా పాము

ఆ రోజుల్లో మా కేజీఎఫ్‌లో అందరి చేతులూ ఖాళీగా ఉండేవి, కాళ్లు మాత్రం ఒకచోట నిలిచేవి కావు. బంగారు గనులు మూసేశారు. భూమి లోపల పైకప్పు కూలకుండా ఇన్నేళ్లూ కొయ్య దుంగలు నిలబెట్టిన మా నాయన, రోజూ పొద్దున్నే తయారై గనిలోకి దిగే షాఫ్టు గేటు దాకా నడిచి, దానికి వేసిన తాళం చూసి తిరిగొచ్చేవాడు. నేను పదో తరగతి దగ్గర ఆగిపోయినవాణ్ణి. పని వెతుకుతున్నానని ఇంట్లో చెప్పి గ్రంథాలయానికి పోయేవాణ్ణి. అక్కడ ఏ బీరువాలో ఏముందో లైబ్రేరియన్ కంటే నాకే బాగా తెలుసునని నా నమ్మకం. (తేనెటీగల పెంపకం, పళ్ల సంరక్షణ, ఓడల నిర్మాణం, ఈ మూడింటి మీదా ఆ ఏడాది అడిగినవారికీ అడగనివారికీ సలహాలిచ్చాను. మాకు దగ్గర్లో సముద్రం లేదన్న సంగతి నన్ను ఆపలేదు.)

అలాంటి నా దగ్గరికి, బెంగళూరులో పెంపుడు జంతువుల అంగట్లో పనిచేసే మా మేనమామ కొడుకు, ఒక ఆదివారం దిండు గలీబులో మూటగట్టి పాముపిల్లను తెచ్చాడు. అడుగున్నర పొడవు, బొటనవేలంత లావు, ఒంటి మీద బెల్లంరంగు మచ్చలు. బాల్ పైథాన్ అంటారట. "మా రూము ఓనరుకు తెలిసిపోయింది బావా. ఇంగ దీన్ని నువ్వే చూసుకోవాల. విషం లేదు, కోపం లేదు. భయపడితే ఉండ మాదిరి చుట్టుకొంటాది, అంతే" అన్నాడు. అమ్మ అప్పుడే చర్చి నుంచి వచ్చింది. చేతిలో బైబిలు ఇంకా కింద పెట్టలేదు. "ఆదికాండం కాడినుంచి మనకీ దానికీ పడదు కదప్పా. పాస్టరుగారు వస్తే ఏం చెప్పేది?" అంది. "అది ఆ పాము కాదత్తా, ఇది ఆఫ్రికాది" అన్నాడు వాడు. అమ్మ బైబిలు కింద పెట్టి, కాఫీ పెట్టడానికి లోపలికి పోయింది.

మరునాడే గ్రంథాలయంలో సరీసృపాల పెంపకం మీద లావుపాటి ఇంగ్లీషు పుస్తకం పట్టాను. పక్కన నిఘంటువు పెట్టుకుని రెండు రోజుల్లో పాముకు ఇల్లు ఎలా అమర్చాలో చెప్పే అధ్యాయం పూర్తిచేశాను. నాలుగడుగుల పెట్టె కావాలట. ఒక వైపు వెచ్చగా ముప్పై రెండు డిగ్రీలు, మరో వైపు కొంచెం చల్లగా ఉండాలట. బేతమంగళలో మూతపడిన బేకరీవాళ్లు వదిలేసిన అద్దాల షోకేసును బస్సు పైకెక్కించి తెచ్చాను. అద్దం మీద 'ఖారా బన్' అన్న అక్షరాలు ఎంత గీకినా పోలేదు. లోపల కొబ్బరిపీచు పరిచి, మూకుట్లో నీళ్లు పెట్టి, ఒక మూల బల్బు వేలాడదీశాను. అంతా విశాలంగా, వెలుతురుగా, గాలాడేటట్టు ఉంది. గనివాళ్లు కట్టించిన మా లైను ఇంట్లో ముగ్గురం ఒక్క గదిలో పడుకునేవాళ్లం. ఆ షోకేసు చూసి నాకే కొంచెం అసూయ కలిగింది.

పాము మాత్రం ఒక మూలకు పోయి ఉండ చుట్టుకుంది. తలెక్కడుందో కనిపించలేదు. దానికి ప్రశాంతత ముఖ్యమని పుస్తకంలో ఉంది కాబట్టి, ప్రశాంతంగా ఉందో లేదో చూడడానికి పది నిమిషాలకోసారి మూత తెరిచాను. థర్మామీటరు ఇటు జరిపాను, అటు జరిపాను. కరెంటు పోతే వేడినీళ్ల సీసాతో పరిగెత్తాను. ఆదివారం మా మేనమామ కొడుకు ఐసు డబ్బాలో చచ్చిన చిన్న ఎలుకను తెచ్చాడు. (దాన్ని నేను వెచ్చబెట్టింది అమ్మ కాఫీ లోటాలో అన్న విషయం ఆమెకు తర్వాత తెలిసింది. దాని గురించి ఇక్కడ రాయను.) పాము ముట్టలేదు. రెండో ఆదివారమూ అంతే, మూడో ఆదివారమూ అంతే. దాని వెన్నెముక చర్మం కింద గీతలా తేలింది. మా వాడి ముఖం వాడిపోయింది. "వచ్చే వారం కూడా తినకపోతే ఇది బతకదు బావా" అన్నాడు. ఆ వారం నాకు అన్నం సయించలేదు. అదే అధ్యాయం మళ్లీ చదివాను, బల్బు మార్చాను, షోకేసును ఇంకా విశాలం చేద్దామని మధ్య అర కూడా పీకేశాను.

అప్పటిదాకా పాము జోలికే రాని నాయన, బుధవారం నాడు గేటు నుంచి తిరిగొచ్చి షోకేసు ముందు గొంతుక్కూర్చున్నాడు.

"ఎన్నిసార్లు తెరుస్తావురా ఆ మూత?"

"నెమ్మదిగా ఉండాదో లేదో చూడాల కదా నాయనా."

"నువ్వు చూస్తా ఉంటే దానికి యాడ నెమ్మది?" కాసేపు అద్దంలోంచి చూశాడు. "గని లోపల స్టోపు అని ఉంటాది. రాయంతా తవ్వేస్తే మిగిలే పెద్ద బొక్క. దీపం ఎత్తితే కప్పు కనబడదు. ఆడ ఎవురైనా బువ్వ తింటారా? మేం ఇరుకు మూల చూసుకొని, వీపు రాయికి ఆనించి, కప్పు నెత్తికి తగిలే కాడ కూర్చొని సద్ది విప్పుతాం. అప్పుడే ముద్ద దిగుతాది. నువ్వు దీన్ని తెచ్చి స్టోపులో కూర్చోబెట్టినావు."

"పుస్తకంలో నాలుగడుగులని ఉండాది."

"ఉండనీ. పుస్తకానికి భయం లేదు కదా."

తర్వాతి రెండు రోజులూ ఆయన గేటు వైపు పోలేదు. పాత పలకలు కోసి రెండు చిన్న గూళ్లు చేశాడు. పాము చుట్టుకుంటే నాలుగు వైపులా ఒంటికి తగిలేటంత ఇరుకు, దూరడానికి ఒకే రంధ్రం. ఒకటి వెచ్చని వైపు, ఒకటి చల్లని వైపు పెట్టాడు. "ఒగటే ఉంటే వెచ్చదనం కావాల్నా, ధైర్యం కావాల్నా అని అది ఆలోచన చేస్తా ఉంటాది" అన్నాడు. అర తిరిగి బిగించాడు. ముందువైపు కొంచెం వదిలి, మిగతా అద్దాలన్నిటికీ తన ఖాకీ చొక్కాలు చించి కట్టాడు. ఆ తర్వాత నన్ను ఇంట్లోంచి బయటికి పంపించాడు. "నువ్వు యాడికన్నా పో. ఆదివారం దాకా మూత తీసినావంటే చూడు."

నేను ముళబాగిలు దాకా బస్సులో పోయి, ఏ పనీ లేకుండా లారీలు చూసి తిరిగొచ్చాను.

ఆదివారం సాయంత్రం నాయన, నేను, మా మేనమామ కొడుకు ముగ్గురం గోడకు ఆనుకుని కూర్చున్నాం. ఎలుకను గూడు వాకిట్లో పెట్టి అరగంటయింది. నాకు కాలు ఊగుతూనే ఉంది. నాయన దాని మీద చెయ్యి వేసి నొక్కిపట్టాడు. రంధ్రంలోంచి మొదట ముక్కు, తర్వాత తల బయటికొచ్చాయి. నాలుక రెండుసార్లు ఆడింది. ఆ తర్వాత జరిగింది నేను సరిగా చూడలేదు, అంత వేగంగా పట్టింది. ఎలుకతోసహా గూట్లోకి పోయింది. తలుపు చాటున అమ్మ "స్తోత్రం" అనుకోవడం వినబడింది.

మా మేనమామ కొడుకు ఆ గూడు చూసి, "ఎవురి ఐడియా బావా ఇది? శానా బాగుండాది" అన్నాడు. నా నోట్లోంచి "పుస్తకంలో ఉండాది" అని వచ్చేసింది. నాయన నా వైపు చూడలేదు. చొక్కా గుండీ సవరించుకుంటూ, "అవునప్పా, వాడు శానా చదివినాడు" అన్నాడు.

గడువు తీరి పుస్తకం తిరిగివ్వడానికి వరుసలో నిలబడి, ఊరికే పేజీలు తిప్పాను. నేను చదివింది ఎదిగిన పాముల అధ్యాయం. పిల్లపాముల అధ్యాయం దాని తర్వాత ఉంది. తొందరలో ఆ పేజీలు తెరవనే లేదు. విశాలమైన చోట పిల్లలు భయపడి తిండి మానేస్తాయనీ, ఒంటికి తగిలే ఇరుకు గూళ్లు రెండు పెట్టాలనీ అక్కడ వరుసగా రాసి ఉంది. నా అబద్ధం నిజమైంది. అయినా సంతోషం మాత్రం కలగలేదు.

ఈ సంగతి నాయనకు చెప్పడానికి నాకు పదేళ్లు పట్టింది. గూళ్ల ముచ్చట పుస్తకంలో నిజంగానే ఉందనీ, నేనే చదవలేదనీ, ఆ రోజు ఆయన తెలివిని నాదిగా చెప్పుకున్నాననీ, ఒక్క గుక్కలో చెప్పేశాను. ఆయన నన్ను తిడతాడనుకున్నాను.

"ఆ పుస్తకం రాసినాయప్ప," అన్నాడు, "యా షాఫ్టులో పని చేసినాడంట?"