అయ్యగారు దిగిపోయిన బండి

మా తోడల్లుడి బండి కంటే నా బండికి మైలేజీ ఎక్కువ. ఎవరూ అడగకపోయినా ఈ మాట చెబుతుంటాను. చెప్పకపోతే నాకు అన్నం సహించదు.

నాది పాత బండి. ఇప్పుడొచ్చే బండ్లకు కార్బురేటర్ ఉండదు, పెట్రోలు ఎంత పోవాలో అవే చూసుకుంటాయి. నా బండికి నేనే చూడాలి. గాలి స్క్రూను మెల్లగా చివరిదాకా బిగించి, ఒకటిన్నర చుట్టు వెనక్కి తిప్పి, ఆపైన ఇంజను చప్పుడు వింటూ వెంట్రుకవాసి సర్దుతాను. ప్లగ్గు విప్పితే ఇటుక రంగులో కనబడాలి. నల్లగా ఉంటే పెట్రోలు దండగవుతున్నట్టు, తెల్లగా ఉంటే ఇంజను మాడుతున్నట్టు. సర్దిన ప్రతిసారీ సీసాలో పెట్రోలు కొలిచి పోసుకొని, అది అయిపోయేదాకా ఓర్వకల్లు రోడ్డు మీద నడిపి చూసుకుంటాను.

ఆదివారం ఆరాధన ముగిశాక మా పాస్టరయ్యగారు పల్లెల్లో ప్రార్థనలకు పోతారు. ఆయనకు బండి నడపడం రాదు. ఏళ్ల తరబడి నా వెనకే కూర్చున్నారు. బైబిలు సంచి భుజాన వేసుకొని ఆయన నా బండి ఎక్కుతుంటే చర్చి ముందున్న జనమంతా చూసేవాళ్ళు. నేను పాట పాడలేను, సంఘంలో పెద్దనూ కాను. నాకున్న గౌరవమంతా ఆ వెనక సీటే.

ఈ ఎండాకాలంలో ఒక ఆదివారం అయ్యగారు నా ముందు నుంచే నడిచిపోయి మా తోడల్లుడి బండి ఎక్కారు. తోడల్లుడంటే నా భార్య చెల్లెలి మొగుడు. వయసులో చిన్నవాడు, మాటలో మెత్తనివాడు. నాకు ఒళ్ళంతా కారం పూసినట్టయింది. ఇంటికొచ్చి అన్నం పళ్ళెం పక్కకు నెట్టేశాను.

"అయ్యగారు ఒక్క వారం మా చెల్లెలి మొగుడి బండి ఎక్కితే నీకేమప్పా అంత మంట?" అంది నా భార్య.

ఒక్క వారం కాదు. ఆ తర్వాత కూడా అంతే. వాడి బండి తక్కువ తాగుతుందని ఎవరో అయ్యగారికి ఎక్కించి ఉంటారనుకున్నాను. అంతకంటే వేరే కారణం నా బుర్రకు తట్టలేదు. పెట్రోలు ఇంకా తగ్గేలా స్క్రూను వెనక్కి తిప్పాను. కార్బురేటర్ లోపలి సూదిని ఒక గాడి కిందికి దించాను. మైలేజీ పెరిగింది. మిట్ట ఎక్కితే బండి దగ్గుతోంది, ప్లగ్గు సుద్దలా తెల్లబడింది. అయినా నేను తగ్గలేదు.

చివరికి సర్వీసు చేసిస్తానని నమ్మబలికి వాడి బండి తెచ్చుకున్నాను. ప్లగ్గు మసి పట్టిన పొయ్యి రాయిలా ఉంది. సీసా పెట్రోలుతో నా బండి పోయే దూరంలో సగానికే ఆగిపోయింది. రోడ్డు పక్కన నిలబడి ఒక్కడినే నవ్వుకున్నాను.

ఆ ఆదివారం చర్చి వాకిట్లోనే అయ్యగారిని పట్టుకున్నాను. "అయ్యగారూ, ఆ బండి పెట్రోలు శానా తాగుతాండాది. నాది దాంట్లో సగం గూడా తాగదు."

"నాకు తెలుసప్పా," అన్నారాయన. "నీ బండికేం, మంచిదే. నువ్వే యాడా ఆపవు. ఎవురు చెయ్యెత్తినా, ఆపి మళ్ళా లేపితే పెట్రోలు దండగ అంటావు. ఆ పొద్దు మీ అత్త వాళ్ళ ఊరి మీద పోతాంటే, ఆయమ్మ రోడ్డు మీదికొచ్చి రెండు చేతులూ ఎత్తె. ఆయమ్మకు పానం బాగల్యాక ప్రార్థన చేయించుకుందామని నిలబడుకోనుండె. నేను నీ భుజం తడితి. నువ్వు హారన్ కొట్టి వచ్చేస్తివి."

మా అత్త చేతులెత్తడం నేనూ చూశాను. పెద్దల్లుడు అయ్యగారిని ఎక్కించుకొని పోతున్నాడని మురిసిపోతోందనుకున్నాను. అయ్యగారు భుజం తట్టింది నా డ్రైవింగు మెచ్చుకొని అనుకున్నాను. అందుకే ఛాతీ విరుచుకొని మరీ హారన్ కొట్టాను.

ఇప్పుడు తోడల్లుడి పొగబండి వారం వారం మా అత్త గడప ముందు ఆగుతుంది. లోపల ప్రార్థన అయ్యేదాకా వాడు ఇంజను కూడా ఆపడట. ఆమె వాడికి మజ్జిగ కలిపి ఇస్తుందని నా భార్యే చెప్పింది. మొన్న అత్త వాళ్ళ ఊరి మీదుగా ఒంటరిగా పోతూ, ఆమె అరుగు మీద కనబడితే బండి నెమ్మది చేసి హారన్ కొట్టాను. ఆమె తలెత్తి నన్ను చూసింది. చెయ్యెత్తలేదు.