గాలిలేని పెట్టెలో మసి

ముక్కుబావ ఎవర్నీ ఓ పట్టాన నమ్మడు. కుక్కర్లు, ఫ్రిజ్‌లు బాగుచేస్తూ పని నేర్చుకున్నవాడు. ఏ రబ్బరు వాషరైనా వాసన చూడందే బిగించడు. అందుకే ఆ పేరు. ఇప్పుడు ఒక ప్రయోగశాలలో కొత్తగా వచ్చిన ఉక్కు పెట్టెను ఆయనే చూసుకుంటున్నాడు. అందులోంచి గాలంతా తోడేశాక ఎలక్ట్రాన్ల కిరణం నమూనా ఆకారాన్ని చూపిస్తుంది. నమూనాను బయటికి తీయకుండానే దాని మీద లేజరు వేస్తే, చెదిరి వచ్చే కాంతిని బట్టి అది ఏ పదార్థమో తెలుస్తుంది. దీన్ని రామన్ పరీక్ష అంటారు.

కొన్నాళ్లుగా ఏ నమూనా పెట్టినా ఆ పరీక్షలో మసి గుర్తులే వస్తున్నాయి. జిడ్డు మాడితే మసే కదా, ఎవరో జిడ్డు చేతులు పెడుతున్నారు. ఎవరో ఏమిటి, బామ్మర్దే! ప్రయోగశాల పెద్ద మేడమ్‌కి తనే చెప్పి వాణ్ణి పనిలో పెట్టించాడు మరి.

"ఏదీ, చేతులు చూపించు."

"నేనేమైనా ఒకటో తరగతా బావా?" అంటూనే వాడు అరచేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టే ఉంది బావకి.

"గ్లౌజులు వేసుకున్నావా?"

"నీ ముక్కు మీద ఒట్టు!"

"ఇక పెట్టె దగ్గరికి రాకు. నీ బదులు ఇంకొకణ్ణి చూసుకోమని సోమవారం మేడమ్‌కి చెప్పేస్తా."

ఆ పూట భార్య అన్నం వడ్డించింది. వడ్డిస్తూనే అంది: "మా తమ్ముడు బద్ధకస్తుడే, కాదనను. అబద్ధాలకోరు మాత్రం కాదు. వాడు లేకుండా ఒక్కసారైనా చేసి చూశావా?"

చూడలేదు.

మర్నాడు కొత్త సిలికాన్ ముక్కను తనే గ్లౌజులతో పెట్టి గాలి తోడాడు. అలవాటు ప్రకారం ముందు ఎలక్ట్రాన్లతో ఒక మూలను బాగా దగ్గరగా చూసి, అక్కడే లేజరు వేశాడు. మసి! బావ తన చేతుల్నే వాసన చూసుకున్నాడు. ఏమీ తెలియలేదు. అనుమానం తీరక, ఎలక్ట్రాన్లు తగలని చోటికి లేజరు జరిపాడు. సిలికాన్ గుర్తు తప్ప ఇంకేమీ లేదు. మళ్లీ ఆ మూలకు వచ్చి చూస్తే, ఎలక్ట్రాన్ల కిరణం తిరిగినంత మేరా నల్లటి చదరం. ఎంత తోడినా పెట్టెలో మిగిలే జిడ్డు ఆవిరిని కిరణమే అక్కడ మసిగా అతికిస్తోంది. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడని ఊరికే అన్నారా!

బామ్మర్దిని పిలిచి చూపించాడు.

"ఇకనుంచి ముందు లేజరు, తర్వాతే ఎలక్ట్రాన్లు. కొత్త ముక్క నువ్వే పెట్టు."

"మేడమ్‌కి చెప్తానన్నావుగా?"

"చెప్పనులే."

బామ్మర్ది గ్లౌజులు అందుకోలేదు. "ముందు నువ్వు చేతులు చూపించు బావా."

బావ చాపాడు. వాడు తీరిగ్గా వంగి వాసన పీల్చాడు.

"ఉల్లిపాయ," అన్నాడు. "ఇంతకీ నిన్ను ఎవరు పెట్టించారు పనిలో?"